నలుపు తెలుపుల్లో సమ్మయ్య

ఫిబ్రవరి ఆరవ తేదీ, గురువారం, ఉదయం ఎనిమిదిన్నర గంటలకు, నా సంపాదక ప్రతిభ ఒక నిండు ప్రాణాన్ని బలిగొన్నదని నాకు తెలిసింది. తెలియజేసినవాడు మృతుడే. ఫోన్ చేశాడు.

"అన్న, నేనెప్పుడు సచ్చిన్నే?"

అడిగినది మానుకోట కబడ్డీ జట్టు కెప్టెన్ సమ్మయ్య.

పూర్వరంగం మనవి చేస్తాను. మా వంశంలో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేను. రఘునాథపల్లిలో మావాళ్లు పత్తి పండించారు. నేను ఉన్నతాభిరుచి పండించదలచి జనగామలో "బరి" అనే క్రీడాపత్రిక ప్రారంభించాను. పాఠకుడికి ఏది నచ్చుతుందో పాఠకుడినే అడగడం నా చదువుకు అవమానం కదా. అందువల్ల తొలి సంచిక ముఖచిత్రాన్ని స్వయంగా రూపొందించాను. నలుపు తెలుపుల్లో సమ్మయ్య ముఖం. ఆటకు ముందు కళ్లు మూసుకుని మనసు నిలుపుకుంటున్న గంభీర క్షణం. చుట్టూ సన్నని నల్లగీత. కింద ఒకే మాట: "మరువలేని ఆటగాడు". మిగతా కాగితమంతా ఖాళీ.

లోపల నాలుగు పేజీల ఇంటర్వ్యూ కూడా ఉంది. కానీ ముఖచిత్రం చూసినవారెవరూ లోపలికి వెళ్లలేదు; నేరుగా సమ్మయ్య ఇంటికి వెళ్లారు.

"మా మేనత్త కొత్తగూడ నుంచి ఏడ్సుకుంట వచ్చిందే. నేను అరుగు మీద ఛాయ్ తాగుతున్న. నన్ను జూసి ఇంకింత ఏడ్సింది."

"అది కళాత్మకమైన ముఖచిత్రం, సమ్మయ్యా."

"గా కళ చిట్యాల దాక పోయింది. ఆదివారం నా ఎంగేజ్‌మెంట్. పిల్ల నాయిన ఫోన్ ఎత్తుతలేడు. నా దినాలన్న కానియ్యకుంట వేరే సంబంధం చూస్తున్నరంట."

ఒక పెళ్లి నా అభిరుచికి బలి కాబోతున్నది. ఇద్దరం బండి మీద చిట్యాల చేరాం. పిల్ల తండ్రి మల్లయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. సమ్మయ్యను చూసి లేచాడు, మళ్లీ కూలబడ్డాడు.

"మామా, ఫోనెందుకెత్తలే?"

"సచ్చినోని నంబర్ కెంచి ఫోనొస్తే ఎవడెత్తుతడు బిడ్డా?"

నేను గొంతు సవరించుకున్నాను. "అయ్యా, ఖాళీ స్థలం పాఠకుని చూపును ముఖం మీద నిలుపుతుంది."

"నిలిపింది సారు. చౌరస్తల అందరు నిలబడి సూసిన్రు. ఒకాయన చెప్పులు గూడ ఇడిసిండు."

అప్పుడు పెళ్లికూతురు స్వరూప తలుపు చాటు నుంచి తీర్పు చెప్పింది. "బాపు, కూత పెట్టుమను. ఊపిరుంటే తెలుస్తది."

సమ్మయ్య వాకిట్లో వంగి కబడ్డీ కూత అందుకున్నాడు. గుక్క తిప్పుకోలేదు. మెడనరాలు తాళ్లలా ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి.

"సాలు తియ్," అన్నది స్వరూప. "గిప్పుడు నిజంగనే పోతడు."

మల్లయ్య మెత్తబడ్డాడు. "సంబంధం ఉంటది. గని సారు, పిలగాడు బతికున్నడని ఊరోళ్లకు నువ్వే చెప్పాలె. రంగుల బొమ్మ వెయ్. కండ్లు తెరిచి ఉండాలె. పక్కన మా బిడ్డ. సుట్టు రెండు దిక్కుల సుట్టాలు. ఎనుక మెరుపులు."

"మెరుపులెందుకండీ?"

"ఆటల పుస్తకం గదా సారు."

రెండో సంచిక ఆయన చెప్పినట్టే వెలువడింది. అశుభమని తొలి సంచికను ఇంట్లోకి రానివ్వనివారే దీని కోసం దుకాణాల వద్ద పోట్లాడారు. అదే ఇంటర్వ్యూను మళ్లీ వేశాను, ఈసారి చదివారు.

బతికి ఉన్న ఏ ప్రాణినీ, చివరికి గెలిచిన ఎడ్లజతను సైతం, ఇకపై నలుపు తెలుపుల్లో ముద్రించనని నా పట్టా మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను.

ఇప్పుడు ప్రతి ముఖచిత్రాన్నీ అచ్చుకు ముందు బస్టాండు ఛాయ్ హోటల్లో చూపిస్తున్నాను. వాళ్లు ఒప్పుకున్నదే వేస్తున్నాను. పత్రిక నడుస్తున్నది.