మ్యూజియం అనుకుని వచ్చినవాళ్లు

ఆ దీవిలో ఊరు ఊరంతా చూడదగ్గదే. పడవ దిగగానే కోట, కోట గోడ మీద తుప్పు పట్టిన ఫిరంగులు, కాస్త ముందుకెళితే గంటస్తంభం, కొండ కొమ్మున లైట్‌హౌసు, పాత సుంకాల కచేరీలో మ్యూజియం. పొద్దుటి పడవలో వచ్చినవాళ్లు సాయంత్రం పడవ అందుకునే లోపల ఇవన్నీ చుట్టబెట్టాలి. అందుకని ఎండ ముదరకముందే వీధులన్నీ తలలు పైకెత్తుకుని పక్కవాళ్ల కాళ్లు తొక్కే జనంతో నిండిపోయేవి.

కోట గోడనానుకుని ఒక సన్నని సందుంది. దాని చివరింట్లో ఇద్దరు అక్కచెల్లెళ్లుండేవారు. చెల్లెలు కిటికీ దగ్గర కూర్చుని బట్టలు కుట్టేది. ఆ చప్పుడు సందు మొదటిదాకా వినిపించేది కనుక ఆమె అందరికీ మిషను పిన్ని. అక్క అందరికీ పెద్దమ్మ.

పెద్దమ్మ ఆ ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పని చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఊళ్లోవాళ్ల కాపురాలన్నీ చెవులారా విన్నాను, చాలదూ?" అనేది. మనుషుల్ని మొహం చూసి పోల్చుకోలేకపోయినా గొంతు విని ఇట్టే చెప్పేసేది. ఆ ఇంటి ముందు నిట్టనిలువు రాతిమెట్లున్నాయి. ఒక వానాకాలం వాటి మీద జారిపడి మోకాలు దెబ్బ తిన్నాక ఆమె గడప దాటడం మానేసింది. ముందుగదిలో ఎత్తైన వీపున్న చెక్క కుర్చీయే ఆమె లోకం. అందులోనే నిటారుగా కూర్చుని, చేతులు రెండూ కుర్చీ చేతుల మీద ఆనించి, మధ్యాహ్నం కునుకు తీసేది.

ఒకసారి పెద్ద గాలివాన వచ్చింది. సందు మొగలో మ్యూజియానికి దారి చూపించే బోర్డొకటి ఉండేది. ఆ గాలికి స్తంభం మొదట్లో వదులై, బోర్డు కాస్తా పక్కకి తిరిగి, బాణం గుర్తు ఈ సందు వైపు చూపించసాగింది. ఊరివాళ్లెవరూ గమనించలేదు. సొంత ఊళ్లో దారి బోర్డులు ఎవరు చదువుతారు?

ఆ మర్నాడు మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరు మెట్లెక్కి వచ్చారు. గాలి కోసం తలుపు బార్లా తీసి ఉంది. పిన్ని వెనకగదిలో ఇస్త్రీ చేసుకుంటోంది. వాళ్లు అడుగులో అడుగు వేసుకుంటూ గదంతా చూశారు. గోడగడియారం చూశారు, కుట్టుమిషను చూశారు, చివరికి కుర్చీ దగ్గరికి వచ్చి ఆగిపోయారు.

"ఏవండీ, ఈ బొమ్మ చూడండి. ఎంత బాగా చేశారో! చేతుల మీద నరాలు కూడా పెట్టారు" అంది భార్య.

ఆయన వంగి పరీక్షగా చూశాడు. "మైనంతో చేస్తారిలాంటివి. పనితనం బాగానే ఉంది కానీ ముక్కే మరీ పెద్దదైపోయింది."

"మా నాన్నది ఇంకా పెద్దది" అంది పెద్దమ్మ, కళ్లు తెరవకుండానే.

ఆ భార్య వేసిన కేకకి కోట గోడ మీద పావురాలు లేచిపోయాయి. ఆయన వెనక్కి ఎగిరి గుడ్డల బుట్టలో కూలబడ్డాడు. పిన్ని ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. ఆ పెట్టె చూసి ఆయన చేతులు పైకెత్తేశాడు.

సంగతి తెలిశాక సిగ్గుతో చచ్చిపోయారు పాపం. పిన్ని టీ ఇచ్చి సముదాయించి పంపింది. వాళ్లు మెట్లు దిగుతుండగానే ఇంకో నలుగురు ఎదురయ్యారు. "లోపల బాగుందాండీ?" అని వాళ్లు అడిగితే, ఆయన ఏ కళనున్నాడో గానీ, "తప్పకుండా చూడండి" అన్నాడు.

ఇక రోజూ అదే వరస. పిన్నికి ఒళ్లు మండిపోయేది. "ఇదేమన్నా సత్రమా? ఇది ఇల్లని చెప్పొచ్చుగా అక్కా!"

"అడిగితే చెప్తాను. అడక్కుండా ఎందుకే చెప్పడం? అంత దూరం నుంచి వచ్చారు పాపం."

పెద్దమ్మకి ప్రాణం లేచొచ్చినట్టయింది. పొద్దున్నే తల దువ్వించుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, కుర్చీని వెలుతురులోకి జరిపించుకునేది. కదలకుండా కూర్చుని వచ్చినవాళ్ల మాటలన్నీ వినేది. సరైన సమయం చూసి ఒక కన్ను తెరిచేది. కెవ్వుమన్నవాళ్లని తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పేది. ఒకాయన గోడకున్న క్యాలెండరు చూసి అది ఏ కాలం నాటిదని అడిగాడు. "మా చెల్లెలు మార్చడం మానేసిన కాలంది" అంది. ఇంకొకావిడ మూలనున్న పెట్టెలో ఏ నగలుండేవో తెలుసుకోవాలని ముచ్చటపడింది. "దుప్పట్లమ్మా. కావాలంటే దులిపి పెట్టు, పుణ్యముంటుంది" అంది. ఆవిడ నిజంగానే దులిపి, మడతలు పెట్టి మరీ వెళ్లింది.

ఇక్కడ ఇంత సందడిగా ఉంటే అక్కడ మ్యూజియంలో ఈగలు తోలుకుంటున్నారు. ఆఫీసరు ఆ ఊరికి కొత్త. సన్నగా, పొడుగ్గా, ప్రతి గుమ్మం దగ్గరా తల వంచుకునే మనిషి. రేవులో పడవెక్కబోతూ ఎవరో ఆయన్ని ఆపి, "మీ ముసలావిడ బొమ్మ అద్భుతం సార్" అని మెచ్చుకున్నారు. ఆయన దగ్గర ఏ ముసలావిడ బొమ్మా లేదు. ఆరా తీసుకుంటూ సందులోకి వచ్చి, గుంపు వెనకాల నిలబడి, "క్షమించాలి, కాస్త దారివ్వండి" అన్నాడు.

"ఇది పడవ దిగిన గొంతు కాదే" అంది పెద్దమ్మ కళ్లు తెరుస్తూ. "ఎవరు బాబూ నువ్వు?"

"మ్యూజియం ఆఫీసర్నండి, పెద్దమ్మగారూ. మా జనమంతా మీ ఇంట్లో ఉన్నారని తెలిసి వచ్చాను."

పిన్ని కంగారుపడింది కానీ ఆయన కోప్పడలేదు. బోర్డు సంగతి చెప్పి తనే ముందు నవ్వాడు. టీ తాగుతూ మాటల్లో పెట్టి ఆమె చేసిన ఉద్యోగం గురించి తెలుసుకున్నాడు. వెంటనే గ్లాసు కింద పెట్టేశాడు.

"మీరు లైన్లు కలిపిన ఎక్స్ఛేంజి స్విచ్‌బోర్డు మా దగ్గరే ఉందండీ. మూసేసిన రోజున మాకు అప్పజెప్పారట."

పెద్దమ్మ కుర్చీలో ముందుకి వంగింది. "పాతసామాను వాడికి అమ్మేశారనుకున్నాను" అంది.

మర్నాడు బోర్డు సరిచేశారు. సందు చడీచప్పుడు లేకుండా అయిపోయింది. పెద్దమ్మకి మధ్యాహ్నం కునుకు పట్టడం మానేసింది. మెట్ల మీద పిల్లి నడిచినా అటు చూసేది. టీలో చక్కెర ఎక్కువైందని ఒకసారి, తక్కువైందని ఒకసారి సణిగేది. నిన్నమొన్నటి దాకా విసుక్కున్న పిన్ని కూడా మిషను ఆపి ఊరికే గుమ్మం వైపు చూస్తుండేది. చివరికి ఒకరోజు కత్తెర పక్కన పడేసి మ్యూజియానికి వెళ్లింది. ఆఫీసరుతో ఏం మాట్లాడిందో గానీ, మర్నాడు పొద్దున ఆయన, రేవులో సామాన్లు మోసే కూలీ మేస్త్రీ, ఇద్దరూ లగేజీ బండి తోసుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చేశారు.

"నన్ను దాన్లో వేస్తారా? నేనేమన్నా బస్తానా?" అంది పెద్దమ్మ.

"బస్తా అయితే నోరు మూసుకుని కూర్చునేది. లే అక్కా" అంది పిన్ని.

కుర్చీతో సహా మోసి బండిలో దించారు. సందు దాటి వీధిలోకి రాగానే పెద్దమ్మ బండి కమ్మీలు గట్టిగా పట్టుకుంది. గంటస్తంభానికి కొత్త రంగు వేశారు. ఆమెకి నచ్చలేదు. ఫిరంగుల మీద పిచ్చుకలు గూడు కట్టాయి. అది నచ్చింది. ఆఫీసరు గైడులా ముందు నడుస్తూ ఒక్కొక్కటే చెబుతుంటే, ఇంకా నెమ్మదిగా నడవమని కసిరింది.

రొట్టెల దుకాణం ముందు ఎవరో వెనక నుంచి, "నేనెవరో చెప్పుకో పెద్దమ్మా!" అన్నారు.

"నీ గొంతు తెలీకపోవడమేంట్రా! కొత్తగా పెళ్లైనప్పుడు మీ ఆవిడతో మాట్లాడుతూ ఎవరికీ లైను దొరకనిచ్చేవాడివి కాదుగా!"

జుట్టు నెరిసిన దుకాణదారుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. లోపల నుంచి వాళ్లావిడ, "ఇప్పుడు పక్కనే కూర్చున్నా పలకడు" అని కేకేసింది.

మ్యూజియంలో స్విచ్‌బోర్డు చుట్టూ తాడు కట్టి ఉంది. ఆఫీసరు తాడు తీసేశాడు. పిన్ని, మేస్త్రీ చెరో వైపు పట్టుకుని ఆమెను నడిపించారు. పెద్దమ్మ పాత స్టూలు మీద కూర్చుని, హెడ్‌ఫోను తలకి తగిలించుకుని, ఒక ప్లగ్గు తీసి పట్టుకుంది. చెయ్యి కాసేపు గాల్లోనే ఆగింది. తర్వాత దానంతటదే వెళ్లి ఒక కన్నంలో గుచ్చింది.

"ఇది డాక్టరుగారిల్లు. ఇది రేవాఫీసు. ఇదిగో, ఈ మూలది లైట్‌హౌసు. మంచు కమ్ముకున్నప్పుడు అక్కడి కాపలాదారు ఒక్కడే ఉండేవాడని గంటకోసారి పలకరించేదాన్ని" అంది. పిన్ని ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

ఇంతలో పొద్దుటి పడవ జనం లోపలికి వచ్చారు. ఆఫీసరుకి హుషారు పుట్టింది. ఇంకో అద్దాల పెట్టెలోంచి పాత ఫోనొకటి తీసి, గది అవతలి మూల నిలబడి చెవికి ఆనించుకున్నాడు.

"హలో! మా పైఅధికారుల ఆఫీసు ఇవ్వండి!"

పెద్దమ్మ ప్లగ్గు గుచ్చింది. ముప్పై ఏళ్లు ఊరంతా విన్న ఆ గొంతు గదిలో ఖంగుమంది. "లైను ఖాళీ లేదండీ. ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటున్నారు. కాసేపాగి ప్రయత్నించండి."

గది ఘొల్లుమంది. ఆ తర్వాత ఫోను కోసం వరస కట్టారు. ఒకాయన తన బాసు కావాలన్నాడు. పెళ్లాం పక్కనే ఉండగా అత్తగారిని అడిగిన ఇంకొకాయనకి, "ఆలోచించుకుని మళ్లీ చెయ్యండి" అని లైను కట్ చేసేసింది పెద్దమ్మ.

అప్పటి నుంచి ఎండ మరీ ఎక్కువ లేని రోజుల్లో మేస్త్రీ బండి తెస్తాడు. పిన్ని దాన్లోకి మెత్తటి దిండు కుట్టింది. వడ్రంగి వచ్చి ఇంటి మెట్లకి కమ్మీ బిగించాడు. దాన్ని పట్టుకుని పెద్దమ్మ ఒక్కొక్క మెట్టూ తనే దిగుతుంది. మోసుకెళతామంటే ఒప్పుకోదు. అక్కని దింపి వచ్చే దారిలో పిన్ని ఒకరోజు ఏమనుకుందో, పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి లైట్‌హౌసు ఎక్కింది. కిందికి దిగాక ఆయాసపడుతూనే మ్యూజియానికి వెళ్లి, అందరి ముందూ ఫోనెత్తి అక్కకే చెప్పింది.

"అక్కా, పైనుంచి సముద్రం బ్రహ్మాండంగా ఉందే. కానీ మన డాబా మీద నేను పొద్దున ఆరేసిన దుప్పటి ఎగిరి పక్కింటివాళ్ల డాబా మీద పడింది. నేను వెళ్లి తెచ్చుకుంటాను, సాయంత్రం తొందరగా వచ్చెయ్."