పసుపు బోర్డు మీద మా వదిన

మా వదిన దర్జీ. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే మిషన్, అదే కత్తెర. నేను అదే కొట్లో కాజాలు తీస్తాను, గుండీలు కుడతాను, అంచులు మడుస్తాను, మిగిలిన సమయంలో కస్టమర్లకి అబద్ధాలు చెబుతాను.

నవ్వకండి. దర్జీ కొట్లో అది కూడా ఒక పనే, ఎవరో ఒకరు చెయ్యాలి. 'ఒక్క కాలరే మిగిలిందండీ', 'ఇస్త్రీకి వెళ్ళిందండీ', 'ఇప్పుడే మిషన్ మీద పెట్టామండీ'. ఈ మూడు ముక్కలతో నేను ఎంతటి కోపిష్టినైనా గురువారం దాకా లాగగలను. అప్పటికి ఆయన గుడ్డ సంచిలోంచి బయటికే వచ్చి ఉండదు. వదినకి అబద్ధం చేతకాదు. చెప్పబోతే చెవులు ఎర్రబడిపోతాయి. అందుకే కౌంటర్ నాది, కత్తెర ఆవిడది.

ఆ పసుపు బోర్డు మా కొట్లోకి వచ్చింది కూడా పని మీదే. రెండేళ్ళ కిందట ఒకాయన, బట్టతలా బొజ్జా ఉన్న పెద్దమనిషి, తనకంటే పొడుగైన బోర్డుని చంకలో పెట్టుకుని, గుమ్మానికి అటొక దెబ్బా ఇటొక దెబ్బా తగిలిస్తూ లోపలికొచ్చాడు. సముద్రంలో అలల మీద ఎక్కి నిలబడే బోర్డట. దానికి జిప్పున్న సంచి కుట్టాలట. వదిన టేపుతో పొడవు కొలిచింది, వెడల్పు కొలిచింది, ముక్కు దగ్గర వంపు చూసి ఆగిపోయింది.

"ఇది టేపుకి అందే వంపు కాదండీ. ఆదికి వదిలేసి వెళ్ళండి," అంది.

కొలతకని పాత చొక్కా ఇచ్చి వెళ్తారు చూడండి, దాన్నే మేము ఆది అంటాం. బోర్డుని ఆదిగా వదిలేసి వెళ్ళిన కస్టమర్ ఆయనొక్కడే. పైగా చాలా సంతోషంగా వెళ్ళాడు. అంత సంతోషం దేనికో అప్పుడు నాకు తట్టలేదు.

మూడో రోజుకల్లా సంచి తయారు. మా కొట్టు పుట్టాక చెప్పిన రోజుకి తయారైన వస్తువు అదొక్కటే. అదొక్కటే తీసుకెళ్ళడానికి మనిషి రాలేదు. ఫోన్ చేస్తే, సంచి మాట ఎత్తకముందే "వచ్చే వారం వస్తానండీ," అని పెట్టేశాడు. మా మాట మాకే అప్పజెప్పాడన్నమాట. ఆ తర్వాత బదిలీ అయి ఊరు వదిలిపోయాడని తెలిసింది.

బోర్డుని ఎక్కడ పెట్టాలి? ట్రయల్ గదిలో నిలబెట్టాం. ప్యాంటు వేసి చూసుకుందామని కర్టెన్ తీసిన ప్రతి మనిషీ లోపల ఇంకెవరో ఉన్నారనుకుని "అయ్యో, సారీ" అని వెనక్కి వచ్చేవాడు. ఆర్నెల్లకి గదిలో చెమ్మ పట్టింది. వాడని గుడ్డ మడతల్లోనే చీకిపోతుందనీ, బోర్డుకి కూడా అంతే అయి ఉంటుందనీ వదినకి బెంగ పట్టుకుంది. "ఒకసారి నీళ్ళలో ముంచి తెస్తాను," అని ఒక పొద్దున్నే నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. మా ఇల్లు కొట్టు పైనే. అక్కడి నుంచి సముద్రానికి ఇరవై నిమిషాల నడక.

రెండు గంటలైనా రాలేదు. వచ్చేసరికి జుట్టంతా ఉప్పు, మోచేతులు గీరుకుపోయాయి. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఏమయింది వదినా? పడ్డావా?"

"దాని మీద పడుకున్నానే. వెనక నుంచి అల వచ్చి ఒడ్డు దాకా మోసుకొచ్చింది," అంటూ మెట్టు మీద కూలబడింది. "ఇన్నేళ్ళలో నన్నెవరైనా మోశారా చెప్పు. నేనే అందర్నీ మోశాను."

నిజమే. మా అన్నయ్య బస్సు డ్రైవరు, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే. ఇద్దరు పిల్లల్ని పెంచిందీ, మంచాన పడ్డ మా అమ్మకి చేసిందీ, మొగుడు పోయి వచ్చిన నన్ను ఒక్క మాట అనకుండా పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిందీ ఆవిడే. నేను ఏదో వెటకారం ఆడబోయి నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం అరుదు.

అప్పటి నుంచి ఆదివారం ఆదివారం వెళ్ళడం మొదలుపెట్టింది. మిగిలిపోయిన ట్రాక్ సూటు గుడ్డతో తనకి తనే నిండు చేతుల తొడుగు కుట్టుకుంది. అది వేసుకుంటే అచ్చం దిండు గలీబులా ఉండేది, ఆ మాట నేను అనకుండా ఉండలేదు. నలభై ఏడేళ్ళ మనిషి, మోకాళ్ళు నొప్పులని నూనె రాసుకునే మనిషి, కాలు జారకుండా బోర్డుకి మైనం రాసుకుంటూ కూని రాగాలు తీయడం మొదలుపెట్టింది.

కస్టమర్ సరుకు వాడుకుంటున్నానన్న ముల్లు మాత్రం ఆవిడకి గుచ్చుకుంటూనే ఉండేది. ఇన్నేళ్ళలో ఒక్క కోటునైనా భుజాన వేసుకుని అద్దంలో చూసుకోలేదు వదిన. అందుకని వెళ్ళిన ప్రతిసారీ బోర్డుని మంచినీళ్ళతో కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టి, మళ్ళీ ట్రయల్ గదిలో యథాస్థానంలో నిలబెట్టేది.

మొన్న వానలు వెలిశాక ఒక బుధవారం ఫోన్ మోగింది. నేనే తీశాను. బోర్డాయన!

"గుర్తున్నానా అమ్మా? మళ్ళీ ఈ ఊరే వచ్చేశాను. రేపొచ్చి నా బోర్డు తీసుకెళ్తాను. సంచి అయిందా?"

మిషన్ చప్పుడు ఆగిపోయింది. వదిన తలెత్తలేదు, పెడల్ మీద పాదం అలాగే ఉండిపోయింది. సంచేమో నా నెత్తి మీదే కొక్కేనికి వేలాడుతోంది, రెండేళ్ళ దుమ్ముతో సహా. నా నోరు మాత్రం నన్నడక్కుండానే పని మొదలుపెట్టింది.

"అయిపోవచ్చిందండీ. ఒక్క జిప్పే మిగిలింది. ఈ ఆదివారం కాక పై ఆదివారం, పదింటికి రండి."

"రెండేళ్ళయిందమ్మా!"

"అంత పొడుగు జిప్పు ఇక్కడ దొరకదండీ. బయటి నుంచి తెప్పిస్తున్నాం."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికిందో లేదో గానీ, ఆయన నిట్టూర్చి సరేనన్నాడు.

వదిన నా వైపు తిరిగింది. చెవులు ఎర్రగా ఉన్నాయి, అబద్ధం చెప్పింది నేనైనా సరే. "ఎందుకలా చెప్పావు?"

"నోటికి అలవాటు."

ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "పదకొండు రోజులు," అంది. "ఇన్నాళ్ళూ విరిగిపోయిన అల మీద, నురుగు మీదే నిలబడ్డాను. విరగని అల ఎక్కి, దాని పక్కనే జారుకుంటూ ఒడ్డు దాకా ఒక్కసారి రావాలి. ఒక్కటి చాలు నాకు. తర్వాత ఎవరి సరుకు వాళ్ళు తీసుకుపోవచ్చు."

మా ఊళ్ళో అలాంటి బోర్డులమ్మే కొట్టు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆ పదకొండు రోజులూ వదిన రోజూ తెల్లారగానే వెళ్ళింది. రోజూ పడింది. నడుము పట్టేసి వచ్చేది, మోచేతికి దెబ్బ తగిలించుకుని వచ్చేది, ఇంకా రాలేదే అనేది. పదో రోజు, శనివారం, నేనూ వెంట వెళ్ళాను. ఇంత అబద్ధం దేనికోసం చెప్పానో చూడొద్దూ? నాకసలు నీళ్ళంటే భయం. నిండు బకెట్టుకి కూడా అడుగు దూరంలో నిలబడతాను.

పొడుగాటి ఇసుక ఒడ్డు. ఎక్కడో దూరంగా కుక్కని తిప్పుకుంటున్న ఒక్క మనిషి తప్ప పిట్టలేదు. అలలెక్కే కుర్రకారంతా రేవు దగ్గర రాళ్ళవైపు పోతారట, అక్కడ అల ఎప్పుడూ ఒకేచోట లేస్తుందట. ఇక్కడ అంతా ఇసుక. గట్టి గాలివాన వచ్చిందంటే నీళ్ళ కింద తిన్నెలు చోటు మారిపోతాయి, నిన్న అల విరిగినచోట ఇవాళ విరగదు. అందుకని వదిన ముందు పది నిమిషాలు ఇసుకలో కూర్చుని చూస్తుంది, కొత్త గుడ్డని బల్ల మీద పరిచి ఎక్కడ కత్తెర పెట్టాలా అని చూసినట్టు.

నీళ్ళలోకి వెళ్ళింది. అల లేచింది. వదిన చేతులతో తోసుకుంది, లేచి నిలబడింది, తల దించి తన పాదాలవైపు చూసుకుంది, దభీమని పడింది. మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. తల దించడం, పడడం.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒడ్డు మీంచి అరిచాను: "వదినా! నువ్వు సూదిని చూస్తున్నావే!"

ఆవిడకి వినపడలేదు. బయటికొచ్చాక విడమరిచి చెప్పాను. నేను కొత్తగా మిషనెక్కినప్పుడు సూదినే గుడ్లప్పగించి చూసేదాన్ని, కుట్టేమో వంకర్లు పోయేది. ఆవిడే నా గడ్డం పట్టుకుని పైకెత్తి, "సూది పని సూది చేసుకుంటుంది, నువ్వు ముందున్న అంచు చూడు," అని నేర్పింది. తీరా తను నీళ్ళలోకి వెళ్ళేసరికి ఆ పాఠమే మర్చిపోయింది.

వదిన తడి ఇసుకలో నిలబడి నోరు తెరిచి నన్నే చూసింది. "ఏడాదిన్నర నుంచీ ఎందుకు రాలేదే నువ్వు?" అంది. సిగ్గేసింది నాకు.

ఆఖరి ఆదివారం ఇద్దరం చీకటి విడీవిడకముందే బయలుదేరాం. ఏడింటికి వదిన నీళ్ళలో ఉంది, నేను ఒడ్డున ఉన్నాను. వెనక నుంచి దగ్గు వినిపించింది. చూద్దును కదా, బోర్డాయన!

"పదింటికి కదండీ," అన్నాను.

"దర్జీల దగ్గరికి మూడు గంటల ముందే వెళ్ళి నెత్తిన కూర్చోకపోతే పనవదమ్మా. మీ అన్నయ్యగారు చెప్పారు, మీరిక్కడున్నారని. బోర్డు కూడా ఇక్కడే ఉందన్నారు."

ఇంతమంది దర్జీల మధ్య బతుకుతూ మా అన్నయ్య ఒక్క అబద్ధం నేర్చుకోలేదు. ఆయన కళ్ళకి చెయ్యడ్డం పెట్టుకుని సముద్రంవైపు చూశాడు. "అది... నా బోర్డేనా?"

దొంగకి తేలు కుట్టినట్టయింది నా పని. సరిగ్గా అప్పుడే దూరంగా నీళ్ళు ఉబ్బాయి. వదిన బోర్డు తిప్పింది, చేతులు వేసింది. అల ఆవిడ వెనక ఎత్తుగా, నున్నగా, ఇంకా ఎక్కడా విరక్కుండా లేచింది. వదిన నిలబడింది. తల కిందికి వాలబోయింది.

"అంచు!" నా గొంతు చీరుకుపోయేలా అరిచాను. "వదినా, అంచు చూడూ!"

తలెత్తింది. అల వాలు వెంట, ఎడమవైపు, దూరంగా చూసింది. బోర్డు ఆవిడ చూసినవైపే తిరిగింది. వెనక నురుగు విరుచుకుపడుతోంది, ముందు నీళ్ళు నున్నగా తెరుచుకుంటున్నాయి, మధ్యలో మా వదిన, దిండు గలీబు తొడుక్కుని, మోకాళ్ళు వంచి, చేతులు చాచి, జారుకుంటూ వస్తోంది. ఎంతసేపు? గుండీ కుట్టేంతసేపు కూడా కాదేమో. నాకు మాత్రం అంత ఆనందం నా జీవితంలో ఎప్పుడు కలిగిందో గుర్తు రాలేదు.

"లేచింది! లేచిందండీ!" అంటూ బోర్డాయన నా భుజం పట్టుకుని గెంతుతున్నాడు. అది తన బోర్డన్న సంగతే మర్చిపోయాడు.

వదిన మోకాలి లోతు నీళ్ళలో దిగి, పగలబడి నవ్వుతూ బోర్డు ఈడ్చుకొచ్చింది. ఆయన్ని చూసింది. నవ్వు టక్కున ఆగిపోయింది.

"తప్పయింది," అంది. "మీ సరుకు వాడాను. ఏడాదిన్నర నుంచీ వాడుతున్నాను. సంచి కూడా అప్పుడే అయిపోయింది."

నేనెన్నాళ్ళో కష్టపడి నిలబెట్టిన అబద్ధాన్ని ఒక్క ముక్కలో కూలదోసింది మహాతల్లి.

ఆయన తల గోక్కున్నాడు. "నేనూ నిజం చెప్పేస్తానమ్మా. దీన్ని రెండుసార్లే ఎక్కాను. రెండోసారి మునిగి కడుపు నిండా నీళ్ళు తాగాను. భయమేసింది, ఇంట్లో చెప్పుకోడానికి నామోషీ. దర్జీకిస్తే ఏళ్ళ తరబడి ఇవ్వరు కదా అని మీ కొట్లో పడేశాను. మీరేమో మూడో రోజే ఫోన్ చేశారు!"

వదిన పెదవులు బిగించి నవ్వాపుకుంది.

"ఇప్పుడు రిటైరయ్యాను," అన్నాడాయన నెమ్మదిగా. "ఆ భయం నాతోనే ఉండిపోవడం ఇష్టం లేక వచ్చాను. ఒక్కసారన్నా ఎక్కాలని."

అంటే బోర్డు ఆయనకి నిజంగానే కావాలి. వదిన బోర్డువైపు చూసింది, ఆయనవైపు చూసింది. తర్వాత బోర్డు కొట్టుకుపోకుండా తన కాలికి కట్టుకున్న తాడు విప్పి, ప్యాంటు పొడవు కొలిచేటప్పుడు కూర్చున్నట్టే ఆయన ముందు గొంతుక్కూర్చుని, ఆయన కాలికి కట్టింది.

"ఇవాళ నిలబడొద్దు. ఊరికే పడుకోండి. నేను తోస్తాను."

ఇద్దరూ నడుము లోతుకి వెళ్ళారు. ఆయన బోర్డుని వాటేసుకుని కళ్ళు మూసుకుని పడుకున్నాడు. వదిన వెనక పట్టుకుని, భుజం మీంచి వెనక్కి చూస్తూ, ఆగండి, ఆగండి అంది. నురుగు వచ్చి తాకగానే ఒక్క తోపు తోసి వదిలేసింది. బోర్డు ఆయనతో పాటు దూసుకుపోయి, ఇసుకలో ఆగింది. ఆయన బొక్కబోర్లా పడి, నోట్లో ఇసుకతో, చిన్నపిల్లాడిలా కేకలేస్తూ నవ్వుతున్నాడు.

నేను వదిన ముఖం వెతికాను, ఏడుస్తుందేమోనని. ఆవిడ అక్కడే, ఖాళీ చేతులతో నిలబడి చప్పట్లు కొడుతోంది. ఏడుపు నాకొచ్చింది. కళ్ళు తుడుచుకోకుండా అలాగే చూశాను.

"ఇంకొకటి వస్తోంది, త్వరగా రండి!" అని వదిన నీళ్ళలోంచి ఆయన్ని పిలిచింది.