వెన్ను మీద వేలు

పిండంలో పక్కటెముకలు ఎలా వస్తాయో చెప్పడానికి మా జువాలజీ మేడం బొమ్మ గీసేవారు కాదు. తన వెన్ను మీద వేలు పెట్టి, పక్క నుంచి ఛాతీ దాకా తెచ్చేవారు. పక్కటెముకైనా ఛాతీ కండైనా వెన్ను పక్కన పుట్టి ముందుకు రావాల్సిందే అనేవారు.

ఆవిడకు పుట్టుకతోనే ఎడమవైపు ఛాతీ కండ లేదు. పెళ్లి జాకెట్టు కొలతలివ్వడానికి రెజిమెంటల్ బజార్ వెళ్తూ నన్నూ తీసుకెళ్లారు.

"ఎడమ దిక్కు జెర దూది పెడతా మేడం, ఎవరికీ తెల్వదు," అన్నాడు టైలర్ గొంతు తగ్గించి.

"వద్దు భాయ్. పెండ్లికొడుక్కు ఎప్పుడో చెప్పిన. ఇగ ఎవరికి దాచాలె?"

"జనం చూస్తరు కదా!"

"చూడనియ్యి. అడిగితే పాఠం చెప్తా."

రిసెప్షన్‌లో పెళ్లికొడుకు మేనత్త ఆ జాకెట్టునే చూస్తూ, "ఏందమ్మా, గిట్లున్నది?" అంది. మేడం నవ్వి, అందరి ముందూ వెన్ను మీద వేలు పెట్టారు.