బేస్తవారం విచారణ

చేవెళ్ల గ్రంథాలయంలో పేపరు చివరి పేజీ దాకా చదివే అలవాటు లేకపోతే నాకు ఈ ప్రయాణం ఉండేది కాదు. మూలన చిన్న ప్రకటన: మొయినాబాద్ అవతల ఒక ఊళ్లో ఇళ్ల కాలనీ రాబోతోంది, ప్రభుత్వ శాఖలకు అభ్యంతరాలున్నాయి, గురువారం, అంటే మా వైపు బేస్తారం, పదకొండింటికి స్థలం మీదే విచారణ, ఎవరైనా మాట్లాడవచ్చు. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో పనిచేసేవాళ్లంతా మా వైపు తోటల మధ్య ఇల్లు కావాలనుకుంటున్న రోజులవి. చెరువుల మీద అప్పటికి ఆరు పుస్తకాలు చదివి ఉన్నాను. నాలుగు పేజీల ప్రసంగం రాసుకున్నాను.

ఎనిమిది నలభైకి మెహిదీపట్నం బస్సు దొరికింది. పక్క సీట్లో ఖాళీ గంపతో ఎల్లమ్మ అనే అవ్వ. మార్కెట్లో కొత్తిమీర అమ్మి, ఆమె కూడా ఆ విచారణకే వెళ్తోంది.

"ఎకరం మడి ఉన్నది బిడ్డా. కుంట నీళ్లు కాల్వల పారుకుంట వస్తయి. ఆ కాల్వ మీద రోడ్డేస్తరట. ఏస్తే నా మడి ఎండుడే."

ప్రసంగం మొదటి పేజీ వినిపించాను. శ్రద్ధగా విన్నది.

"మస్తుగున్నది. టైమెంతయ్యింది?"

మొయినాబాద్ చేరేలోపు ఇంకో రెండుసార్లు టైమడిగింది.

తొమ్మిదిన్నరకు దిగి, చాయ్ తాగి, షేర్ ఆటో ఎక్కాం. వెళ్లదలచినవారికి ఒక మాట: ఆటో నిండితేనే కదులుతుంది. నిండడమంటే ఏమిటో డ్రైవరే నిర్ణయిస్తాడు. మేము పదకొండు మందిమి నిండాం.

పొలాల మధ్య చదునైన పల్లపు జాగా చూసి, పచ్చ తివాచీ పరిచి, కాలనీ కట్టే కంపెనీవాళ్లు షామియానా వేశారు. బోర్లకు పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌తో ఇన్ని ఇళ్లు వెలగవన్నారు కరెంటు అధికారి. కాలనీ రోడ్ల మలుపుల్లో తన బండి తిరగదన్నారు ఫైరింజన్ ఆయన. నీటిపారుదల ఇంజనీరు రెండు నక్షాలు పక్కపక్కన పెట్టారు. పాతదానిలో కాలువ ఉంది. కంపెనీదానిలో అదే చోట రోడ్డు.

"ఆ కాలువ ఎన్నడో పూడిపోయింది సార్," అన్నాడు కంపెనీ మేనేజరు. "మీరే చూడండి, ఎక్కడుంది?"

ఇంజనీరు చుట్టూ చూశారు. "కనబడకపోతే నా అభ్యంతరం నిలబడదు," అన్నారు దిగులుగా.

"జర ఆగుండ్రి సార్, వస్తది," అన్నది ఎల్లమ్మ.

మేనేజరు నవ్వాడు. "ఏమొస్తది అవ్వా, బస్సా?"

ఆ సందులో నేను ప్రసంగం అందుకున్నాను. రెండో పేజీ మధ్యలో ముందు వరుసంతా లేచి నిలబడింది. అంతటి గౌరవం నేనెన్నడూ ఎరగను. తర్వాత నా చెప్పుల్లోకి చల్లగా నీళ్లొచ్చాయి; చేజారి అందులో పడ్డ పేజీలు ఏరుకున్నాను. షామియానా పొడవునా పారుతున్నాయి. పచ్చ తివాచీ ఒక కొసన తేలింది. మేనేజరు కుర్చీ ఎక్కాడు.

"ఇవ్వాళే ఎట్ల వచ్చినయ్ నీళ్లు?"

"ఇయ్యాల బేస్తారం గద కొడుకా! వారానికొక దినం మా వంతు. కుంట నీళ్లిడిచే నీరటి పదకొండున్నరకు తూము లేపుతడు. బేస్తారం పెట్టింది మీరే, కుర్చీలు కాల్వలేసింది మీరే."

ఇంజనీరు ప్యాంటు మడిచి, కాలువలోనే నిలబడి రాశారు: కాలువ ఉన్నది, వాడుకలో ఉన్నది, ప్లాను తిప్పి పంపడమైనది. సర్కారు కాగితం రాస్తూ అంత సంతోషపడినవాళ్లను నేనెన్నడూ చూడలేదు.

వచ్చేటప్పుడు ఎల్లమ్మ పార పట్టుకుని మడికి నీళ్లు మళ్లిస్తోంది.

"మిగిలిన పేజీల ఏమున్నదో చెప్పకపోతివి బిడ్డా."

"చదవమంటావా?"

"వద్దు తియ్యి. వంతు అయిపోతది."

నాలుగున్నరకు చేవెళ్ల బస్సు. ఆరు పుస్తకాల్లోనూ కాలువ గురించి ఉంది గాని, అది ఏ వారం వస్తుందో లేదు. తడిసిన పేజీలు ముందు సీటు కమ్మీ మీద ఆరబెట్టాను.

"వానే లేదు, ఎట్ల తడిసినయ్ సార్?" అన్నాడు కండక్టరు.

"మొయినాబాద్ అవతలికి పోయిన. ఇయ్యాల బేస్తారం."

ఆయనదీ ఆ వైపే కాబోలు, ఇంకేమీ అడగకుండా టికెట్ చింపి ఇచ్చాడు.