వదిన పేరు రాసిన ప్లేటు

దయ్యాలు, గాలి సోకడాలు అంటే నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట. వికారాబాద్‌లో ఒక కాలేజీ ల్యాబ్‌లో మెదడు మూలకణాల మీద పరిశోధన చేసేదాన్ని. కంటికి కనిపించనిది, కొలతకు అందనిది నేను నమ్మను. ఇప్పుడు చెప్పేది కళ్లారా చూసి, కొలిచిందే. అందుకే నా కోపం ఇంకా చల్లారలేదు.

మా పని సులువుగా చెప్తాను. ఎలుక మెదడు నుంచి తీసిన మూలకణాలను ప్లేట్లలో పోషక ద్రవం పోసి పెంచుతాం. ఆ ద్రవంలో కాల్షియం మరీ తగ్గితే మా కణాలు ఎదగడం మానేసి ముడుచుకుపోయేవి.

అంకెలు వేసీ వేసీ విసుగొచ్చి ప్లేట్ల మీద ఇంట్లోవాళ్ల పేర్లు రాసేదాన్ని. అమ్మ, అన్న, పద్మ. పద్మ మా వదిన. ముగ్గురూ తాండూరులో ఉంటారు. అన్న బండల పాలిష్ యూనిట్‌లో పనిచేస్తాడు. వదిన అప్పుడు నిండు కడుపుతో ఉంది.

అన్నిటికీ ఒకే సీసాలోని ద్రవం పోశాను. పద్మ ప్లేటు ఒక్కటే పెరగలేదు. పరీక్షిస్తే అందులో కాల్షియం దాదాపు లేదు. ఒకే సీసా కదా, ఎలా పోతుంది? మా ల్యాబ్ నడిపే సార్ అందరి ముందూ నన్ను దులిపేశారు. పంతం కొద్దీ మరో ప్లేటు పెట్టి అదే పేరు రాశాను. మళ్లీ అంతే. తర్వాతిది సార్ కళ్లముందే పోశాను. అదీ ముడుచుకుపోయింది. ఈసారి ఆయనే సీసా ఎత్తి వెలుతురులో తిప్పి తిప్పి చూశారు.

ఎందుకో మనసాగక ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తింది. వదిన కాల్షియం గోలీలు వేసుకుంటోందా అని అడిగాను.

"గా సున్నం గోలీలా? అవి మింగితే లోపల పిల్ల పెద్దగయితది, కాన్పుకు కోత పెడ్తరు. నూరి బర్రె దాణాల కలుపుతున్న. మస్తు పాలిస్తున్నది."

"వదిన ఎట్లున్నది?"

"కాళ్లు జర ఉబ్బినయి. తలకాయ నొస్తుందంటది. కడుపుతోని ఉంటే గట్లనే ఉంటది, ఎందుకు పరేషాన్ అయితవ్?"

వెంటనే రైలెక్కాను. ధారూర్ దాటి తాండూరులో దిగేదాకా పళ్లు కొరుకుతూనే ఉన్నాను. అమ్మతో ఒక్క మాట మాట్లాడకుండా వదినను ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాను. బీపీ చూసిన డాక్టరమ్మ ముఖం మారిపోయింది. కాల్షియం అందకపోతే గర్భిణులకు బీపీ ఇలా పెరగొచ్చని, ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవని, తల్లీబిడ్డా ఇద్దరూ దక్కేవాళ్లు కాదని చెప్పింది. నెలలు నిండకుండానే పాప పుట్టింది. గుప్పెడంత ఉంది గానీ బతికింది.

ఆ తర్వాత పద్మ అని రాసిన ప్లేట్లన్నీ మామూలుగా పెరిగాయి. సార్ ఇప్పటికీ ఆ మాట ఎత్తనివ్వరు.

పాప పుట్టిన మర్నాడే ఆసుపత్రి మంచం మీదున్న వదినను గట్టిగానే అడిగాను, నాకెందుకు చెప్పలేదని. ఆమె పాప వైపు తిరిగి మెల్లగా అంది.

"ఫోన్ అత్తమ్మ దగ్గరుంటది. నన్ను ఎవలడిగిన్రు?"

ఎలుక కణాలకు మా ఇంటి సంగతి ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. వదినతో ఒకే పొయ్యి మీద వండిన అన్నం తిన్న అమ్మకు, అన్నకు మాత్రం ఆ ఉబ్బిన కాళ్లు కళ్లముందే ఉన్నా పట్టలేదు.