మూకీ సినిమాకు మాటలు నావే

ఆ రోజుల్లో నాకు తెలుగు తప్ప వేరే ఆస్తి లేదు. తెనాలి నుంచి అమ్మతో సముద్రాలు దాటి వచ్చి పాపటోయిటోయి అనే ఊళ్ళో మా పిన్ని వాళ్ళింట్లో దిగి ఏడాది కావస్తోంది. నాకు పన్నెండేళ్ళు. స్కూల్లో నేను నోరు తెరిస్తే టీచరు తల పక్కకు వంచి, సారీ, మళ్ళీ చెప్పమ్మా అన్నట్టు చూసేది (ఆవిడ మర్యాదస్తురాలు, అందుకే ఇంకా బాధ). మా పిన్ని కొడుకు నాకంటే రెండేళ్ళు చిన్న, అక్కడే పుట్టినవాడు. వాడి బుగ్గలు చూసి ఇంట్లో అందరం బూరె అని పిలిచేవాళ్ళం. వాడు రగ్బీ ఆడేవాడు, చెప్పుల్లేకుండా వీధి చివర డైరీకి (అక్కడ చిల్లరకొట్టును అలా అంటారు) వెళ్ళి ఐస్‌క్రీము కొనుక్కొచ్చేవాడు, కొట్టువాడితో అక్కడి కివీ పిల్లల్లా కబుర్లు చెప్పేవాడు. "వాడి ఇంగ్లీషు చూడవే, ఎంత ముద్దొస్తుందో," అనేది మా అమ్మ. నా సొంత అమ్మ. వాడికి తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడితే ముక్కలు ముక్కలు, చదవడం సున్నా. అందుకే నేను మా తెలుగువాళ్ళ ఉగాది ఫంక్షన్ కోసం కాచుకుని కూర్చున్నాను. అక్కడ పిల్లల నాటకం ఉంటుంది, నాటకంలో డైలాగులుంటాయి, డైలాగులుంటే హీరో నేనే. అమ్మ ముందువరసలో కూర్చుని చూస్తుంది. ఇదీ నా లెక్క.

నాటకాలు వేయించే ఆంటీ ఆస్పత్రిలో నర్సు. కిందటేడు ఆవిడ ఇంగ్లీషు అక్షరాల్లో డైలాగులు రాసిచ్చి పిల్లల చేత పౌరాణికం ఆడించిందట. కృష్ణుడు మధ్యలో మరిచిపోయి వాళ్ళమ్మ వైపు చూసి ఏడ్చాడట. ఈసారి మా పిన్ని ఇంట్లో పిల్లలందరినీ పోగేసి ఆవిడ తేల్చి చెప్పింది. "వీళ్ళ చేత తెలుగు మాట్లాడిస్తే వాళ్ళూ ఏడవాలి, మనమూ ఏడవాలి. పాతకాలం మూకీలాగా ఫోన్‌లో షూట్ చేసేద్దాం. పిల్ల డిటెక్టివ్ కథ. ఫ్రిజ్‌లో గులాబ్ జామూన్లు మాయమైపోతుంటాయి, దొంగని పట్టుకోవాలి. బ్లాక్ అండ్ వైట్, గబగబా నడకలు, మధ్యలో తెలుగు కార్డులు. మాటల్లేవు." మాటల్లేని చోట నా గొప్పేమిటి? ఆంటీ పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి ముఖంలో అనుమానం చూపించమంది. నేను కనుబొమలు ముడిచాను. "నీకు తలనొప్పిగా ఉందా అమ్మా?" అనడిగింది. బూరె మాత్రం బుగ్గలు పూరించి, ఒక కన్ను మూసి, నెమ్మదిగా తల తిప్పాడు. అంతే, అందరూ పడి పడి నవ్వారు. రైన్‌కోటూ, భూతద్దమూ వాడికి వెళ్ళిపోయాయి.

నాకూ వేషం దక్కింది, దొంగ కాళ్ళు. దొంగ ముఖం ఆంటీ వాళ్ళాయనది. ఆయనకు ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్‌లో వీకెండ్ షిఫ్టులు, అరగంటకు మించి దొరకడు. కాబట్టి ఆయన గంబూట్లు తొడుక్కుని నేల మీద చల్లిన పిండిలో దొంగ అడుగులు వేసే భారం నా మీద పడింది. నాలుగు శనివారాలు ఆ బూట్లలో తిరిగాను. కెమెరా మోకాళ్ళ పైకి ఒక్కసారి కూడా రాలేదు. ఎదురుగా బూరె ఆ భూతద్దం పట్టుకుని పాకుతుంటే అమ్మ వాడి ముఖం తుడిచి, నీళ్ళు తాగించి, "అలిసిపోయాడు పాపం," అనేది. నాకు కుళ్ళు. దాచుకోవడమెందుకు. అప్పుడే ఆంటీ నాకు కార్డులు అప్పగించింది. పిల్లల్లో తెలుగు రాయడం వచ్చినది నాకొక్కదానికే. తాను చెప్పిన వాక్యాలు నల్ల చార్టు మీద తెల్లగా రాసి, ఫోటోలు తీసి, నంబర్లు వేసి వాళ్ళ పెద్దబ్బాయికి పంపమంది. ఎడిటింగ్ ఆ అబ్బాయిదే. అతనికి తెలుగు అక్షరం రాదు. నంబరు చూసి అతికిస్తాడు, అంతే. ఆంటీకి ఆ వారమంతా డ్యూటీలు.

డిటెక్టివ్ అడుగులను భూతద్దంతో చూసేచోట "ఇవి దొంగ అడుగులే" అని రాయాలి. "అమ్మయ్య, ఇవి నావి కావు" అని రాశాను. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించేచోట "నా కన్నుగప్పి ఎవరూ పోలేరు" అని ఉండాలి. "డిటెక్టివ్‌లు మధ్యలో బాత్‌రూమ్‌కి వెళ్ళవచ్చునా?" అని రాశాను. ఫ్రిజ్ వైపు వీరావేశంతో వేలు చూపేచోట "దొంగ సంగతి తర్వాత, ముందు ఎన్ని మిగిలాయో చూడండి" అని పెట్టాను. ఇలా తొమ్మిది కార్డులు. వాడి పరువు హాలు నిండా జనం ముందు పోవాలి, అదొక్కటే నా కోరిక.

ఉగాది నాడు హాలు కిటకిటలాడింది. మొదటి కార్డు పడింది. ఎక్కడో ఒక అంకుల్ కిసుక్కుమన్నాడు. రెండో కార్డుకు హాలు దద్దరిల్లింది. తెర మీద బూరె ఎంత గంభీరంగా చూస్తే కింద జనం అంతగా నవ్వారు. ఆంటీ మొదట కంగారు పడింది, తర్వాత ఆవిడా నవ్వింది. అమ్మ చున్నీతో కళ్ళు తుడుచుకుంటూ, "ఏం టైమింగే వీడిది, పుట్టు నటుడు," అంది. నేను పక్కనే ఉన్నాను. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఏమిటో నాకు ఆ క్షణంలో తెలిసింది. వాడి పరువు తీయబోయి వాడిని స్టార్‌ను చేసి కూర్చున్నాను.

భోజనాల దగ్గర వాడు రైన్‌కోటుతోనే వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. "అక్కా, కార్డ్స్‌లో ఏముంది?" ఆంటీ చెప్పిన వీరవాక్యాలే అప్పజెప్పాను. "అవి ఫన్నీ కాదు కదా. మరి ఎందుకు లాఫ్ చేశారు? నా ఫేస్‌కా?" అన్నాడు. బుగ్గలు రెండూ కిందికి జారాయి. "నేను సీరియస్‌గా చేశాను అక్కా." నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. చేతిలో పులిహోర ముద్ద ప్లేట్‌లో పెట్టేశాను. ఉన్నదంతా చెప్పేశాను, కుళ్ళుతో సహా. వాడు కోప్పడతాడనుకున్నాను. వాడు నా చెయ్యి పట్టుకుని జనం మధ్య నుంచి లాక్కుపోయి మా అమ్మ ముందు నిలబెట్టాడు. "పెద్దమ్మా, ఫన్నీ నాది కాదు. అక్క రాసింది, అంతా అక్కే," అన్నాడు. ఆంటీ విన్నది. "రాసింది ఈ పిల్లటండీ," అని పదిమందికి చెప్పింది. ఎవరో నా తల నిమిరారు. ఏడాదిగా నేను ఎదురుచూసిన మెప్పు అదే. అమ్మ నన్ను ఒకసారి మెచ్చుకోలుగా చూసి, వెంటనే వాడిని దగ్గరకు లాక్కుంది. "చూశావుటే, ఎంత మంచి మనసో వీడిది."

ఆ మాట నిజం. అదే నా బాధ. అమ్మ ముందు నిలబడి నిజం చెప్పడం వాడికంటే ముందు నాకెందుకు తోచలేదని ఆ మధ్యాహ్నమంతా మళ్ళీ కొత్తగా కుళ్ళుకున్నాను. ఇప్పుడు వాడు క్రైస్ట్‌చర్చ్‌లో ఇంజనీరు, నాకు ఇద్దరు పిల్లలు. బంధువుల్లో ఎవరైనా వాడంత మంచివాడు లేడంటే, అందరికంటే ముందు అవునంటాను. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోను. చిన్నప్పుడు వాడు నటించిన సినిమాకు మాటలు రాసింది నేనేనని కూడా చెబుతాను.