తడిపితే తేలే చుక్కలు

మా మేస్త్రీ గారు పోయారని మొన్న మంగళవారం మార్టూరు నుంచి ఫోనొచ్చింది. గుంటూరులో బస్సెక్కి నేను చేరేసరికే ఖననం అయిపోయింది. వాళ్ళబ్బాయి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నేనెవరో నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

తొంభైల చివర మార్టూరులో గ్రానైటు పలకలు పాలిష్ చేసేచోట గుమాస్తాగా చేరాను. ఏ పలక ఏ మూల ఉందో మేస్త్రీ గారికే తెలుసు. యజమాని కంప్యూటర్ కొని, "ఏడాదిలో యార్డు మొత్తం ఇందులోకి ఎక్కించాలమ్మా. నీవల్ల కాకపోతే ఆ పని తెలిసినవాళ్ళని పెట్టుకుంటా" అన్నారు. నాకా, దాన్ని ఆన్ చేయడం తప్ప ఏమీ రాదు. దూరవిద్యలో డేటాబేస్ కోర్సులో చేరాను. పుస్తకాలు పోస్టులో వచ్చేవి, అన్నీ ఇంగ్లీషులో. నెలకో ఆదివారం గుంటూరులో క్లాసు. మిగతా రోజుల్లో అడగడానికి మనిషి లేడు. అద్దెగదిలో పాఠం పైకి చదువుకుంటుంటే నా గొంతే నాకు కొత్తగా వినబడేది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక మేస్త్రీ గారు తలగుడ్డ దులుపుకుని ఆఫీసు గుమ్మంలో కూర్చునేవారు. "ఇయ్యాల ఏం పాఠం అమ్మాయ్? నాకర్థమయ్యేట్టు చెప్పు" అనేవారు. ఆయనకు సంతకం తప్ప చదువు రాదు. ఆయనకు చెప్పలేక తడబడిన చోటల్లా నాకూ అర్థం కాలేదని తెలిసేది. టేబుల్ అంటే ఏమిటో చెప్పబోతే, "అంటే ఒక్కో పలకకీ ఒక్కో వరస. దాని ఆనవాళ్ళన్నీ గళ్ళల్లో రాస్తావు, అంతేగా?" అన్నారు. పుస్తకం నాలుగు పేజీల్లో చెప్పింది అంతే.

పొడవు, వెడల్పు, మందం ఎక్కించాను. ఒక హాలుకు సరిపడా పలకల జాబితా కంప్యూటర్లో తీసి, గొప్పగా యార్డులో పరిపించాను. ఇంకా పాలిష్ పెట్టనివి కదా, దుమ్ముకొట్టుకుని అన్నీ ఒకే బూడిద రంగు. మేస్త్రీ గారు చెంబుతో నీళ్ళు తెచ్చి వరసగా పోసుకుంటూ పోయారు. తడిసినచోట రాయి నల్లబడి చుక్కలు తేలాయి. సగం పలకల్లో సన్న చుక్క, సగంలో ముద్ద చుక్క.

"కొలతలు సరిపోయినయ్ అమ్మాయ్, రాళ్ళే సరిపోలా. ఏ దిమ్మలోంచి కోశామో రాసుకోలేదా?"

రాసుకోలేదు. ఆయన ఆ సంగతి యజమాని దాకా పోనివ్వలేదు. దిమ్మ నంబరుకో గడి కలిపాను. దాని పక్కన ఆయన చెప్పే మాటలకు ఇంకో గడి. చెంబుతో ఆయన, కాగితంతో నేను యార్డంతా తిరిగాం. 'పొద్దుటెండలో చూడాలి.' 'మూల పెళుసు, ఎత్తేప్పుడు జాగర్త.' 'మంచి రాయి, తొందరపడి ఇయ్యొద్దు.' అన్నీ ఆయన మాటల్లోనే ఎక్కించాను. దాన్నే ప్రాజెక్టుగా పంపి పాసయ్యాను. నా ఉద్యోగం నిలిచింది.

ఆయనది నిలవలేదు. "అంతా కంప్యూటర్లో ఉందిగా, ఇక ఇంటిపట్టున ఉండండి" అన్నారు యజమాని. నేను తలెత్తలేదు. ఆ తర్వాత కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు, "కబుర్లెందుకమ్మా, కొలతలు చాలు" అని యజమాని అంటే, మేస్త్రీ గారి మాటల గడిని నా చేత్తోనే తీసేశాను. దాచుకుందామన్న ఆలోచన కూడా రాలేదు నాకు. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

నేను గుంటూరులో వేరే ఉద్యోగంలో చేరాక ఒకసారి మేస్త్రీ గారు బస్టాండులో కనిపించారు. బాగా చిక్కిపోయారు. అడిగింది ఒక్కటే.

"నే చెప్పినయ్యన్నీ అందులో ఉన్నయ్యా అమ్మాయ్?"

"ఉన్నాయండీ" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. అదే ఆఖరిసారి చూడటం.

పాసైనప్పుడు ఆయనిచ్చిన అరచేయంత రాతిముక్క నా బల్లమీద ఉంది. పాలిష్ పెట్టించి ఇమ్మంటే, "ఎందుకూ, చూడాలనిపిస్తే నీళ్ళు పోసుకో" అన్నారు. మార్టూరు నుంచి తిరిగొచ్చి దాన్ని కుళాయి కింద పెట్టాను. నల్లబడి చుక్కలు తేలాయి. సన్న చుక్క. పక్కన రాసుకోవడానికి ఏమని చెప్పేవారో అని ఆలోచిస్తూ నిలబడ్డాను. ఈలోగా రాయి అంచుల నుంచి ఆరుతూ వచ్చి, చుక్కలు ఒక్కొక్కటే కనబడకుండా పోయాయి.